భూమి తిరుగుడు, సముద్రపు పోట్లు, గ్రహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో రాహుకాలం, వర్జ్యం చూసుకుని వదిలేస్తాం. అదే గడిలో తిథి, నక్షత్రం ఉంటాయి, పక్కనే ఎక్కడో కార్తె ఉంటుంది. ఈ మూడూ సూర్యచంద్రులు ఆకాశంలో ఎక్కడున్నారో చెప్పే లెక్కలు. కింది ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ కాగితంలోనో, మీ మేడ మీదో దొరుకుతుంది.

భూమి తన చుట్టూ తాను తిరగడానికి సరిగ్గా 24 గంటలు పడుతుందా?

పట్టదు. 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. మరి గడియారం 24 గంటలని ఎందుకు చూపిస్తుందంటే, మనం రోజును సూర్యుడిని బట్టి లెక్కపెడతాం. భూమి ఒక చుట్టు తిరిగేలోపు సూర్యుడి చుట్టూ ఉన్న దారిలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరుగుతుంది. సూర్యుడు మళ్ళీ అదే చోటికి రావాలంటే ఇంకొంచెం తిరగాలి. ఆ కొంచెమే దాదాపు నాలుగు నిమిషాలు.

నక్షత్రాలకు ఈ అదనపు తిరుగుడుతో పనిలేదు. అందుకే ప్రతి నక్షత్రం రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. నెలకు అది రెండు గంటలవుతుంది. డిసెంబరులో రాత్రి 8 గంటలకు తూర్పున కనిపించే ఒరాయన్ మూడు చుక్కలు మార్చి నాటికి అదే సమయానికి నడినెత్తి దాటి పడమరకు వాలి ఉంటాయి.

అంత వేగంగా తిరుగుతుంటే మనకు తెలియదేం?

భూమధ్యరేఖ దగ్గర వేగం గంటకు 1,670 కిలోమీటర్లు. హైదరాబాద్ దగ్గర కాస్త తగ్గి 1,590 ఉంటుంది. వేగం మారినప్పుడే మన ఒంటికి తెలుస్తుంది. రైలు కుదుపు లేకుండా ఒకే వేగంతో పోతుంటే కప్పులో టీ కదలదు, బ్రేకు వేస్తేనే ఒలుకుతుంది. భూమి బ్రేకు వేయదు.

అయితే తిరుగుడును కళ్ళతో చూపించే పద్ధతి ఒకటుంది. 1851లో ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్‌లో పొడవాటి తీగకు బరువైన గుండు వేలాడదీసి ఊపాడు. గుండు ఊగే దిశ గంటలు గడిచేకొద్దీ నేలమీద మెల్లగా తిరుగుతూ వచ్చింది. నిజానికి గుండు దిశ మార్చలేదు, కింద నేలే తిరిగింది. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలో ఇలాంటి లోలకం వేలాడుతోంది. అక్కడ ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 50 గంటలు. అదే లోలకాన్ని హైదరాబాద్‌లో వేలాడదీస్తే 80 గంటలు పడుతుంది. భూమధ్యరేఖ మీద అసలు తిరగదు. ధ్రువం దగ్గరైతే ఒక్క రోజులో పూర్తి.

భూమి తిరుగుతోందని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే రాశాడు. తర్వాత వచ్చిన మన పండితుల్లో చాలామంది దాన్ని ఒప్పుకోలేదన్నది కూడా చెప్పుకోవాలి. గొప్పలు చెప్పేటప్పుడు ఈ రెండో సగాన్ని మింగేస్తుంటాం.

శ్రీహరికోట నుంచి రాకెట్లను తూర్పు వైపుకే ఎందుకు వదులుతారు?

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. శ్రీహరికోట దగ్గర ఆ వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు వదిలితే రాకెట్ నేల వదలకముందే అంత వేగం దానికి ఉచితంగా వచ్చేసినట్టు. పైగా తూర్పున అంతా బంగాళాఖాతం. విడిపోయిన దశలు జనం మీద పడవు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు మాత్రం ఈ లాభం ఉండదు. వాటిని దక్షిణానికి పంపాలి, దారిలో శ్రీలంక మీదుగా పోకుండా కొంత వంపు తిప్పాలి.

ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరవుతుంది కదా?

బడిలో ఎన్నిసార్లు చెప్పినా ఈ అపోహ మాత్రం పోదు. నిజం దీనికి తలకిందులు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్ల దూరంలో. అంటే మనం చలికి దుప్పటి కప్పుకునే రోజుల్లోనే సూర్యుడు దగ్గర.

రుతువులకు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం. ఆ వాలు వల్ల కొన్ని నెలలు ఉత్తరార్ధగోళం, కొన్ని నెలలు దక్షిణార్ధగోళం సూర్యుడి వైపు వంగుతాయి. వంగిన వైపు ఎండ నిటారుగా పడుతుంది, పగలు కూడా ఎక్కువసేపు ఉంటుంది. హైదరాబాద్‌లో జూన్ 21న పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు 21, 22 తేదీల్లో 11 గంటల 5 నిమిషాలు. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి తేడా రెండు గంటలే. లండన్‌లో ఉండే మనవాళ్ళను అడగండి, వాళ్ళకు ఆ తేడా ఎనిమిది గంటలు దాటుతుంది.

మరి జూన్ కంటే మే నెలలో ఎండలు ఎందుకు ఎక్కువ?

సూర్యుడు మన నడినెత్తి మీదకు మే నెలలోనే వస్తాడు కాబట్టి. జూన్‌కు ఇంకా ఉత్తరానికి వెళ్ళిపోతాడు, ఇటు మనకు నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. కార్తె అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర ఉండే 13, 14 రోజుల కాలం. చాంద్రమాన పండుగల్లాగా అది ఏటా ముందుకూ వెనక్కూ ఊగదు. అందుకే రైతు విత్తనం వేయడానికి తిథిని కాకుండా కార్తెను నమ్ముకున్నాడు. సేద్యానికి కావాల్సింది సూర్యుడి లెక్క. రోహిణి తర్వాత వచ్చే మృగశిర దాదాపు ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది.

నీడ లేని రోజు అంటే ఏమిటి? మా ఊళ్ళో ఎప్పుడు?

కర్కట రేఖకు, మకర రేఖకు మధ్య ఉన్న ప్రతి ఊరికీ ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా ఉన్న వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది. హైదరాబాద్‌కు ఇది మే 9న, ఆగస్టు 3న వస్తుంది, తేదీ ఒక రోజు అటూఇటూ కావచ్చు. తిరుపతి ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఏప్రిల్ చివరి వారంలోనే వచ్చేస్తుంది. ఢిల్లీకి ఎప్పటికీ రాదు, అది కర్కట రేఖకు పైన ఉంది.

చూడాలంటే ఒక పీవీసీ పైపు ముక్క చాలు. మేడ మీద చదునైన చోట నిలబెట్టి, పదిహేను నిమిషాల ముందు నుంచి గమనించండి. పడమర నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చిన నీడ కాసేపు అసలు లేకుండా పోతుంది, తర్వాత తూర్పు వైపు మొలుస్తుంది. పైపు లోపలి నుంచి ఎండ నేల మీద గుండ్రంగా పడుతుంది. ఆగస్టు 3 మబ్బుల కాలం కాబట్టి మే నెలనే నమ్ముకోండి.

ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జూన్‌లో పొద్దున్నే ఉత్తరపు కిటికీలోంచి ఎండ ఎందుకొస్తోందని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

హైదరాబాద్‌లో మే 9న నీడ లేని క్షణం సరిగ్గా 12 గంటలకు కాకుండా 12:12కి ఎందుకు?

భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కపెట్టింది. ఆ గీత కాకినాడకు దగ్గరగా వెళుతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 16 నిమిషాలు ఆలస్యం. భూమి దారి పూర్తి వృత్తం కాకపోవడం, అక్షం వాలు కలిసి ఇంకొన్ని నిమిషాలు అటూఇటూ చేస్తాయి. మే 9న అవి నాలుగు నిమిషాలు కలిసొస్తాయి, అందుకే 12:12. ఆగస్టు 3న ఎదురు తిరుగుతాయి, అప్పుడు 12:22 దాటుతుంది.

ఉత్తరాయణం సంక్రాంతి నాడు మొదలవుతుందా, డిసెంబరులోనా?

సూర్యుడు ఉత్తరం వైపు తిరగడం మొదలుపెట్టేది డిసెంబరు 21 లేదా 22న. దీనిలో వాదనకేమీ లేదు. రోజూ ఒకే చోట నిలబడి సూర్యోదయం ఏ ఇంటి మీదుగా అవుతోందో గుర్తుపెట్టుకుంటే చాలు, క్రిస్మస్ వచ్చేసరికే అది ఉత్తరానికి జరగడం మొదలై ఉంటుంది.

సంక్రాంతి అంటే సూర్యుడు మకర రాశిలోకి ప్రవేశించే రోజు. సుమారు 1,700 ఏళ్ళ కిందట ఈ రెండూ ఒకే రోజు జరిగేవి. తర్వాత విడిపోయాయి. భూమి సరిగ్గా గోళంగా లేదు, నడుము దగ్గర ఉబ్బి ఉంది. ధ్రువాల మీదుగా కొలిచిన వ్యాసం కంటే భూమధ్యరేఖ దగ్గర వ్యాసం 43 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బును సూర్యుడు, చంద్రుడు లాగుతూ ఉండటంతో అక్షం చూపే దిశ మెల్లగా మారిపోతోంది. ఒక పూర్తి చుట్టుకు దాదాపు 26 వేల ఏళ్ళు, ఒక డిగ్రీకి 72 ఏళ్ళు. మన పంచాంగం రాశులను నక్షత్రాలకు కట్టి లెక్కపెడుతుంది, రుతువులేమో అక్షాన్ని బట్టి నడుస్తాయి. ఈ తేడా పేరుకుని ఇప్పటికి 24 డిగ్రీలయింది, రోజుల్లో చెప్పాలంటే మూడు వారాల పైన.

తేడా ఇంకా పెరుగుతూనే ఉంది. స్వామి వివేకానంద పుట్టింది మకర సంక్రాంతి నాడు, తేదీ 1863 జనవరి 12. ఇప్పుడు అదే సంక్రాంతి జనవరి 14న గానీ 15న గానీ వస్తోంది. ఇలాగే పోతే కొన్ని వేల ఏళ్ళకు భోగి మంటలు మండుటెండల్లో వేయాల్సి వస్తుంది. పంచాంగ సంస్కరణ గురించి పండితులు తేల్చుకోవడానికి బోలెడంత టైముంది కాబట్టి మనం టెన్షన్ పడనక్కర్లేదు.

తిథి 24 గంటలు ఎందుకు ఉండదు? ఒక్కోసారి రెండు రోజులు ఏకాదశి అంటారేం?

చంద్రుడు సూర్యుడి నుంచి ఆకాశంలో 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలం ఒక తిథి. మొత్తం 360 డిగ్రీలకు 30 తిథులు. చంద్రుడి దారి కోడిగుడ్డులా కాస్త సాగి ఉంటుంది. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నిదానంగా పోతాడు. అందుకే తిథి దాదాపు 20 గంటల నుంచి 27 గంటల మధ్య మారుతుంది. రోజుకు పేరు పెట్టేది సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి. పొడవాటి తిథి రెండు సూర్యోదయాలకు తగులుతుంది, పొట్టిది ఒక్కదానికీ తగలకుండా జారిపోతుంది.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికే సుమారు 32, 33 నెలలకోసారి అధిక మాసం వేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం.

చంద్రుడి రెండో వైపు ఎప్పుడూ చీకటేనా?

కాదు. అక్కడా పగలు, రాత్రి ఉంటాయి, ఒక్కోటి దాదాపు రెండు వారాలు. చంద్రుడు తన చుట్టూ తాను తిరిగే కాలం, భూమిని చుట్టే కాలం ఒకటే, 27.3 రోజులు. దాంతో ఎప్పుడూ ఒకే ముఖం మనవైపు ఉంటుంది. చంద్రయాన్-3 దిగింది ఈ మనకు కనిపించే వైపే, దక్షిణ ధ్రువానికి దగ్గరగా.

సముద్రంలో పోటు, పాటు ఎందుకు వస్తాయి? రోజుకు రెండుసార్లు ఎందుకు?

చంద్రుడు నీటిని లాగుతాడు, నీరు పొంగుతుంది. అంతవరకు అందరికీ తెలుసు. చంద్రుడు ఒక వైపే ఉంటే పోటు రెండుసార్లు ఎలా వస్తుందన్నది అసలు ప్రశ్న.

దూరం పెరిగితే ఆకర్షణ తగ్గుతుంది. చంద్రుడికి ఎదురుగా ఉన్న నీటిని భూమి కేంద్రం కంటే ఎక్కువగా లాగుతాడు. అవతలి వైపు నీటిని కేంద్రం కంటే తక్కువగా లాగుతాడు. ఈ తేడా వల్ల రెండు వైపులా నీరు కేంద్రం నుంచి దూరం జరగాలని చూస్తుంది. అంటే ఉబ్బు రెండు చోట్ల. భూమి ఆ రెండు ఉబ్బుల కింద తిరుగుతుంది కాబట్టి ఒకే తీరానికి రోజులో రెండు పోట్లు, రెండు పాట్లు.

చంద్రుడు కూడా ముందుకు జరుగుతుంటాడు. అందుకే ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటలు కాకుండా 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. ఇవాళ పొద్దున 6 గంటలకు పోటు వస్తే రేపు 6:50కి వస్తుందని సుమారుగా చెప్పొచ్చు. అదే తీరంలో మళ్ళీ అదే తిథికి పోటు దాదాపు అదే వేళకు వస్తుంది. వేటకు వెళ్ళేవాళ్ళు తిథి చూసి పోటు వేళ చెప్పగలిగేది ఇందుకే.

సూర్యుడూ లాగుతాడు, కానీ చంద్రుడితో పోలిస్తే సగం కంటే కొంచెం తక్కువ. అమావాస్యకు, పౌర్ణమికి ఇద్దరూ ఒకే గీత మీద ఉంటారు, రెండు బలాలు కలుస్తాయి, పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమికి ఇద్దరూ లంబకోణంలో ఉంటారు, ఒకరి పని ఒకరు చెడగొడతారు, ఎక్కడం దిగడం రెండూ తక్కువ. అతి పెద్ద పోటు సాధారణంగా పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు వస్తుంది. నీటికి కదలడానికి టైము పడుతుంది.

విశాఖలో పోటు పెద్దగా తెలియదు, గుజరాత్‌లో మాత్రం గుళ్ళే మునుగుతాయి. ఎందుకు?

తీరం ఆకారం. విశాఖ ముందు లోతైన, తెరిచిన సముద్రం. అక్కడ పెద్ద పోటుకు కూడా నీటి మట్టం తేడా మీటరున్నరకు అటూఇటూ. ఖంభాత్ సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది. వచ్చిన నీటికి పక్కకు పోయే దారి లేక పైకి లేస్తుంది. భావనగర్ వైపు తేడా 10 మీటర్లు దాటుతుంది. కవి కంబోయిలో స్తంభేశ్వర మహాదేవుడి గుడి పోటుకు మునిగి, పాటుకు తేలుతుంది. ఒడిశాలో చాందీపూర్ దగ్గర తీరం చాలా చదును కాబట్టి పాటు సమయంలో సముద్రం ఐదు కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుంది. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద పోటు కెనడాలోని ఫండీ అఖాతంలో, 16 మీటర్ల వరకు.

మన తీరంలో పోటు విలువ తెలియాలంటే బీచ్‌కు కాదు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరకు వెళ్ళాలి. మొగలో ఇసుక మేట వేస్తే పడవలు పోటు కోసం కాచుకుని కూర్చోవాలి. నీరు ఎక్కితేనే లోపలికి వస్తాయి. కోరంగి మడ అడవుల కాలువల్లో కూడా నీరు పోటును బట్టే ఎక్కుతుంది, దిగుతుంది. పాటు వేళ చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకుని కనిపిస్తాయి, పోటు వేళ వెళితే అవే నీళ్ళలో మునిగి ఉంటాయి.

అల, పోటు, ఉప్పెన, సునామీ ఒకటేనా?

నాలుగూ వేర్వేరు. అలలను పుట్టించేది గాలి. పోటుకు కారణం చంద్రుడు, సూర్యుడు. తుఫాను గాలి, తగ్గిన వాతావరణ పీడనం కలిసి సముద్రాన్ని ఊళ్ళ మీదకు తోస్తే అది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది అదే. సముద్రగర్భంలో భూకంపం వల్ల వచ్చేది సునామీ, 2004 డిసెంబరు 26న చూశాం.

ఉప్పెన, పెద్ద పోటు ఒకే వేళకు తగిలితే నష్టం పెరుగుతుంది. తుఫాను తీరం దాటే సమయంలో పోటా, పాటా అని అధికారులు చూసుకునేది అందుకే. సునామీ హెచ్చరికల కేంద్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్ సంస్థలో ఉంది. వినడానికి వింతే, కానీ సముద్రంలోని పరికరాల నుంచి సమాచారం ఉపగ్రహాల ద్వారా వస్తుంది కాబట్టి తీరంలోనే ఉండాల్సిన పనిలేదు.

మన ఒంట్లో కూడా నీరే కదా, పౌర్ణమికి మన మీద ప్రభావం ఉండదా?

పోటును పుట్టించేది ఆకర్షణలోని తేడా అని పైన చెప్పుకున్నాం. భూమి వ్యాసం 12,700 కిలోమీటర్లు, అంత పొడవుకు తేడా లెక్కకొస్తుంది. ఐదున్నర అడుగుల మనిషి తలకూ పాదాలకూ మధ్య తేడా కొలవడానికి కూడా అందదు. హుస్సేన్ సాగర్‌లోనే కంటికి కనిపించే పోటు రాదు, ఒంట్లో ఎక్కడిది?

ప్రతి అమావాస్యకు సూర్యగ్రహణం ఎందుకు రాదు? రాహువు, కేతువు ఉన్నట్టా లేనట్టా?

చంద్రుడి దారి భూమి దారికి ఐదు డిగ్రీలు వాలి ఉంది. చాలా అమావాస్యలకు చంద్రుడు సూర్యుడికి పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. రెండు దారులు ఒకదాన్నొకటి దాటే బిందువులు రెండున్నాయి. సూర్యుడు ఆ బిందువు దగ్గర ఉన్నప్పుడు వచ్చే అమావాస్యకు, పౌర్ణమికే గ్రహణం. ఆ రెండు బిందువులే రాహువు, కేతువు. ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటాయి, వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళకు ఒక చుట్టు వేస్తాయి. ఏడాదిన్నరకోసారి రాహుకేతువులు రాశి మారతాయని జ్యోతిష్కులు చెప్పేది ఈ లెక్కే. వస్తువులుగా లేవు, లెక్కలో ఉన్నాయి.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడ దారిలో ఉంది. భారతదేశంలో ఇకపై సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించేది 2034 మార్చి 20న, అదీ కశ్మీరు వైపు. గ్రహణం వేళ అన్నం తినొచ్చా అంటే తినొచ్చు. నేరుగా సూర్యుడిని చూడొచ్చా అంటే చూడకూడదు, గ్రహణానికి ప్రత్యేకంగా చేసిన కళ్ళద్దాలు ఉండాల్సిందే. ఎక్స్‌రే ఫిల్ములు, కూలింగ్ గ్లాసులు పనికిరావు.

నవగ్రహాల్లో సూర్యచంద్రులు ఉంటారు, భూమి లేదు. ఇదేం లెక్క?

భూమ్మీద నిలబడి చూసినప్పుడు నక్షత్రాల మధ్య కదిలేవి ఏవో వాటి జాబితా అది. సూర్యుడు, చంద్రుడు, కంటికి కనిపించే ఐదు గ్రహాలు, రెండు బిందువులు. ఇప్పటి లెక్క వేరు. సూర్యుడి చుట్టూ తిరిగే ఎనిమిదింటిని గ్రహాలంటాం: బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్.

1930లో కనుక్కున్న ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల్లో కలిపారు. దాని పరిసరాల్లో అలాంటివే మరిన్ని బయటపడ్డాయి, వాటిలో ఎరిస్ దాదాపు దానంతే ఉంది. ప్లూటోను ఉంచితే వాటన్నిటినీ గ్రహాలనాలి. ప్లూటో మీద జాలి పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నాకైతే ఆ నిర్ణయం సబబనే అనిపిస్తుంది.

వేగుచుక్క నక్షత్రమా?

శుక్రగ్రహం. సూర్యుడి నుంచి 47 డిగ్రీలకు మించి ఎప్పుడూ దూరం పోదు కాబట్టి తెల్లవారుజామునో, పొద్దుగూకాకో మాత్రమే కనిపిస్తుంది, నడిరేయి నడినెత్తిన కనిపించదు. అది తన చుట్టూ తిరగడానికి 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు. అదీ వెనక్కి తిరుగుతుంది, అక్కడ సూర్యుడు పడమట ఉదయిస్తాడు.

భూమి తిరగడం ఎప్పటికైనా ఆగుతుందా?

ఆగదు, నెమ్మదిస్తోంది. పోటు నీరు సముద్రపు అడుగున రాసుకుంటూ భూమి వేగాన్ని తగ్గిస్తుంది. రోజు పొడవు వందేళ్ళకు రెండు మిల్లీసెకన్లకు (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు) అటూఇటూగా పెరుగుతోంది. భూమి పోగొట్టుకున్న ఆ తిరుగుడు చంద్రుడికి చేరి, అతను ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో అపోలో-11 వ్యోమగాములు చంద్రుడిపై పెట్టివచ్చిన అద్దాల మీదకు ఇక్కడి నుంచి లేజర్ కిరణం పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఈ దూరాన్ని ఇప్పటికీ కొలుస్తున్నారు.

పిల్లలకు టెలిస్కోప్ కొనమంటారా?

ముందు 10×50 బైనాక్యులర్ కొనండి. గోడకు మోచేతులు ఆనించి పట్టుకుంటే గురుడి నాలుగు చందమామలు కనిపిస్తాయి, చంద్రుడి మీద గుంతలు కనిపిస్తాయి. శని వలయాలకు మాత్రం టెలిస్కోప్ కావాలి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు బిర్లా ప్లానిటోరియంలో తెలుగు షో ఏ వేళకుందో కనుక్కుని తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక పిల్లలు అడిగే ప్రశ్నలను బట్టి టెలిస్కోప్ సంగతి తేల్చుకోవచ్చు.